బంతి నెగురవేయు చేయి

మాఘము గడచి ఫాల్గుణము ప్రవేశించు దినములలో గుంటూరు నగరమునకు ఏ దిక్కునుండి వచ్చినను, ఊరు కంటబడుటకు ముందే మిరపఘాటు ముక్కునకు దగులును. మిరపయార్డునకు టిక్కీలు, అనగా కాయల బస్తాలు, మోసికొని వచ్చు లారీలు బారులు తీరి నిలుచు ఆ ఋతువులోనే, పరీక్షల భయము పూర్తిగా కమ్ముకొనక ముందు, బడిపిల్లలకు కొద్దిపాటి ఆటవేళ మిగులును. అట్టి యొక సాయంకాలము ఒక టెన్నిస్ కోర్టు ప్రక్కన సిమెంటు అరుగుమీద గూర్చుండి నేను చూచిన చిన్న సన్నివేశమే ఈ నాలుగు మాటలకును మూలము.

పండ్రెండేండ్ల బాలిక యొకతె సర్వీసు చేయుచుండెను. ఆమె బంతి నెగురవేయు తీరు శిక్షణ పుస్తకములోని బొమ్మవలె లేదు. ఎడమచేతిని చాచి నిటారుగా లేపుటకు బదులు మోచేతిని వంచి, చేతిని కడుపు మీదుగా ప్రక్కకు ద్రిప్పి, గూటిలోని పావురమును బయటికి వదలినట్లు బంతిని పైకి విడుచుచుండెను. చూచుటకు వింతగానే యుండెను గాని, ఆ బంతి ప్రతిసారియు వచ్చి ఒకే చోట క్షణకాలము నిలుచుచుండెను. రాకెట్టు దానిని ఒకే శబ్దముతో తాకుచుండెను. పదింట ఏడెనిమిది సర్వీసులు గీతల లోపలనే పడుచుండెను. అంతలో శిక్షకుడు వచ్చి, "అమ్మా, మోచేయి వంచొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? చేయి కర్రలాగా ఉండాలి" అనెను. "చేయి చాపితే బంతి ఎటో వెళ్ళిపోతోందండి సార్" అని ఆ పిల్ల మెల్లగా చెప్పెను. "అలవాటైతే అదే వస్తుంది" అని ఆయన ముందునకు సాగిపోయెను. తరువాతి అరగంటసేపు బంతి యొకసారి తల వెనుకకును, ఒకసారి నెట్టు వైపునకును, మరియొకసారి భుజము మీదికిని పోవుచుండగా దాని వెంట ఆ బాలిక పరుగులు తీసి, తుదకు సర్వీసు చేయుటయే మాని, బంతిని నేలపై ఊరక కొట్టుచు నిలుచుండెను.

ఆ శిక్షకుని సదుద్దేశమును నేను శంకింపను. ఇరువదిమంది పిల్లలకు ఒక్కడై నేర్పవలసినవాడు, తాను నేర్చినదానినే, తనకు నేర్పినవారు ఎట్లు చెప్పిరో అట్లే చెప్పుచున్నాడు. ఐనను నాకు తోచిన ప్రశ్న యిది: బంతి నెగురవేయు చేయి పుస్తకములోని చిత్రమునకు సరిపోవలెనా, లేక నిన్న తాను చేసినదానికి నేడు తాను సరిపోవలెనా? ఈ రెంటికిని గల భేదమును మన ఆటస్థలములు మరచినవనియు, మొదటిదానికొరకు రెండవదానిని బలియిచ్చుచున్నవనియు నా యభిప్రాయము.

టెన్నిస్‌లో తక్కిన దెబ్బలన్నియు ఎదుటివాడు పంపిన బంతికి చెప్పు బదుళ్ళు. సర్వీసు ఒక్కటియే ఆటగాడు బంతిని తన చేత నుంచుకొని, తానే వదలి, తానే కొట్టు స్వతంత్రకార్యము. ఆ కార్యములో చూపరుల కన్నులన్నియు రాకెట్టు పట్టిన చేతిమీదనే యుండును గాని, ఆరంభము మాత్రము వట్టిచేతిది. మన యిండ్లలో ఎడమచేతికి గల స్థాన మెట్టిదో అందరెరిగినదే. దానితో ఇచ్చుట తప్పు, పుచ్చుకొనుట తప్పు, వడ్డించుట మరింత తప్పు. పేరు సైతము పుర్రచేయి. అట్టి పుర్రచేయియే కుడిచేతి ఆటగానికి ప్రతి సర్వీసులోను శ్రీకారము చుట్టవలెను. పుట్టినది మొదలు పని చెప్పక మూలనుంచిన చేతికి ఒక్కసారిగా అత్యంత సున్నితమైన పనిని అప్పగించి, అది సుందరముగా కదలలేదని కోపగించుకొనుట న్యాయమేనా? స్పెయిన్ దేశపు రఫేల్ నడాల్ విషయము దీనికి తారుమారు. నిత్యవ్యవహారములో అతడు కుడిచేతివాటమువాడు. ఆటలో మాత్రము ఎడమచేత రాకెట్టు పట్టెను. కావున కలము పట్టు చేయియే అతనికి బంతి నెగురవేసి పెట్టినది. ఆ భాగ్యము తక్కినవారిలో ఎందరికి గలదు?

ఇంతకును ఈ చేతికి గల పనులు మూడు. మొదటిది బంతిని కావలసిన చోటికి జేర్చుట. రెండవది, బంతిని విడిచిన పిమ్మట గూడ కొంతసేపు పైననే యుండి, ఆ వైపు భుజమును లేపి, రాకెట్టు పట్టిన భుజమును దించి, శరీరమును విల్లువలె సిద్ధపరచుట. మూడవది, రాకెట్టు పైకి లేచువేళకు తాను మడిచి కడుపు దగ్గరకు వచ్చి, గిరగిర తిరుగు దేహమునకు అడ్డుకట్ట వేసి, ఆ వేగమును రాకెట్టు చేతికి అందించుట. చేయి చాచియుండవలెనని, బంతిని వ్రేళ్ళ కొనలతో బట్టి కంటి ఎత్తున విడువవలెనని, విడుచునపుడు మణికట్టు కదలరాదని శిక్షకులు చెప్పు సూత్రములన్నియు ఈ మూడు పనులకు సాధనములే గాని స్వయముగా సాధ్యములు కావు. సాధనమును సాధ్యముగా భ్రమించుటలోనే చిక్కంతయు గలదు.

నిబంధనల గ్రంథమును తెరచి చూతము. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమము సర్వీసు చేయువానిని కోరునది మిక్కిలి స్వల్పము: బంతిని చేతితో ఏ దిశకైనను విడువవలెను, అది నేలను తాకకముందు రాకెట్టుతో కొట్టవలెను. మోచేతి ప్రసక్తి లేదు, ఎత్తు ప్రసక్తి లేదు. ఎగురవేసిన బంతి నచ్చనిచో దానిని పట్టుకొని మరల మొదలిడవచ్చును. కొట్టబోయి తప్పిననే దోషము. ఒక చేయి మాత్రమే వాడగలిగినవాడు రాకెట్టుతోనే బంతిని ఎగురవేసికొనవచ్చునని గూడ ఆ నియమమే చెప్పుచున్నది. ఆస్ట్రియా దేశీయుడు హాన్స్ రెడ్ల్ రెండవ ప్రపంచయుద్ధములో ఎడమచేతిని పోగొట్టుకొని, యుద్ధానంతరము బంతిని రాకెట్టుమీద నిలిపి, దానితోనే ఎగురవేసి, తిరిగి దానితోనే కొట్టుచు, 1947లో వింబుల్డన్ నాలుగవ రౌండు వరకు వచ్చెను. దేశము పక్షమున డేవిస్ కప్ ఆడెను. ఎడమ ముంజేయి లేక జన్మించిన న్యూజీలాండ్ యువకుడు అలెక్స్ హంట్ కృత్రిమహస్తము కొనపై బంతి నుంచి ఎగురవేయుచు 2017లో పురుషుల వృత్తి టెన్నిస్‌లో ర్యాంకింగు పాయింటు సంపాదించెను. చక్రాల కుర్చీ టెన్నిస్‌లో చేతులకు గూడ బలము లేని క్వాడ్ తరగతి క్రీడాకారులకు మామూలు రీతి అసాధ్యమైనచో, బంతిని తామే గాని వేరొకరు గాని నేలకు జారవిడువగా, అది యొకసారి ఎగసిన పిమ్మట కొట్టు వెసులుబాటు కలదు. ఐతే ఒక షరతు: ఏ పద్ధతిని ఎన్నుకొందురో మ్యాచి ముగియువరకు ఆ పద్ధతినే పాటింపవలెను. ఈ షరతును నేను పలుమారులు మననము చేసితిని. శాస్త్రము ఇచట కోరుచున్నది ఇతరులతో సామ్యము గాదు, తనతో తనకు సామ్యము.

అన్ని ఆటలును ఇంత ఉదారములని చెప్పజాలము. టేబుల్ టెన్నిస్‌లో బంతిని తెరచిన అరచేతిలో నుంచి కనీసము 16 సెంటీమీటర్లు నిలువుగా ఎగురవేయవలెను. వట్టిచేయి బంతికి మరుగుగా నుండరాదు. బ్యాడ్మింటన్‌లో 2018 నుండి సర్వీసు కొట్టు ఎత్తునకు 1.15 మీటర్ల హద్దు గీసిరి. 2023లో డెన్మార్క్ ఆటగాడొకడు షటిల్‌ను వ్రేళ్ళతో మెలిపెట్టి వదలు కొత్త సర్వీసును ప్రవేశపెట్టగా, ఎదుటివారు దానిని తిరిగి పంపలేక అవస్థపడుట చూచి, ఆ క్రీడాసమాఖ్య దానిని నిషేధించెను. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టి 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేతయైన పుల్లెల గోపీచంద్ మూలమున బ్యాడ్మింటన్ మన సీమకు పరాయి ఆట కాదు. కనుక ఆ ఆటలో షటిల్ పట్టిన చేతికి ఎన్ని కట్టుబాట్లు గలవో మన పిల్లలు ఎరుగుదురు. టెన్నిస్ మాత్రము ఆ చేతికి సంకెల వేయలేదు. గ్రంథకర్తలు వేయని సంకెలను మనము వేయుట ఎందులకు?

మన పల్లెల వాలీబాల్‌ను చూడుడు. సంక్రాంతి పండుగనాళ్ళలో పొలిమేర మైదానములో నాలుగు గుంజలు పాతి, ట్యూబులైట్లు కట్టి, రాత్రి తెల్లవార్లు సాగు పోటీలలో బంతిని రెండు చేతులతో ఎగురవేయువాడొకడు, ఒంటిచేత విసరువాడొకడు, పరుగెత్తుచు ముందునకు వదలి గాలిలో లేచి కొట్టువాడొకడు. ఎవరి వాటము వారిది. బంతి లోపల పడినదా లేదా అనునదే అచట ఏకైక ప్రమాణము. ఆ స్వేచ్ఛ నడుమ పెరిగిన బాలుడే టెన్నిస్ కోర్టున అడుగిడగానే మోచేయి కోణము నెపమున తప్పుపట్టబడుచున్నాడు.

ఇక మహామహుల చేతులను పరికింతము. అమెరికాకు చెందిన రాస్కో టానర్ బంతిని మిక్కిలి తక్కువ ఎత్తునకు విడిచి, అది పైకొనను చేరు వేళకే మెరుపువలె కొట్టెడివాడు. 1979లో వింబుల్డన్ ఫైనల్‌లో స్వీడన్ ఆటగాడు బోర్గ్‌ను అయిదు సెట్ల వరకు నిలువరించి, ఆ ఏటనే అమెరికా ఓపెన్‌లో అతనిని ఓడించిన మ్యాచిలో టానర్ సర్వీసు దెబ్బకు నెట్టు తీగయే తెగెను. క్రొయేషియా వీరుడు గోరాన్ ఇవానిసెవిచ్‌దియు తక్కువ ఎత్తే, త్వరితగతియే. 125వ ర్యాంకుతో వైల్డ్‌కార్డు పుచ్చుకొని వచ్చి అతడు 2001 వింబుల్డన్‌ను గెలిచినది ఆ సర్వీసుతోనే. వీరికి ధ్రువాంతరమున నున్నది స్టెఫీ గ్రాఫ్. ఆమె బంతిని ఆకసమునకు పంపినట్లు పంపి, అది దిగివచ్చువరకు నిరీక్షించి కొట్టెడిది. 22 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ కిరీటములు ధరించినది. పీట్ సంప్రాస్ చేయి నేరుగా ముందునకు గాక బేస్‌లైన్ వెంబడి ప్రక్కకు వంపు తిరిగి లేచెడిది. అతని బాల్యగురువగు పీట్ ఫిషర్ బంతి గాలిలో నున్నపుడు ఎటు కొట్టవలెనో అప్పటికప్పుడు చెప్పి అభ్యాసము చేయించెనని ప్రసిద్ధి. తత్ఫలితముగా ఏ రకపు సర్వీసునకైనను బంతి ఒకే చోటికి లేచుచుండగా, ఎదుటివాడు చేతిని చూచి ఏమియు పసిగట్టలేకపోయెడివాడు. ఈ నలువురి చేతులలో ఏ రెండును ఒకటి కావు. కాని ఎవరి చేయి వారికి ఏనాడును మారలేదు.

ఎత్తు విషయమున ఒక చిన్న లెక్క చెప్పుకొందము. రాకెట్టు తాకు చోటుకంటె 30 సెంటీమీటర్లు పైకి పోయిన బంతి, ఆ కొననుండి తాకు చోటికి దిగుటకు రమారమి పావు సెకను పట్టును; అర సెకను పట్టవలెనన్నచో 120 సెంటీమీటర్లు పైకి పంపవలెను. అనగా కాలము రెండింతలగుటకు ఎత్తు నాలుగింతలు కావలెను. ఎత్తుగా వేసినవానికి శరీరమును సిద్ధపరచుకొనుటకు వ్యవధి దొరకును గాని, బంతి రెట్టింపు వేగముతో దిగుచుండును గనుక కొట్టవలసిన అదను అంతకంత సన్నగిలును. గాలికి బంతిని ప్రక్కకు నెట్టు అవకాశమును హెచ్చును. తక్కువగా వేసినవానికి అదను విశాలము, వ్యవధి స్వల్పము. కావున ఇది ధర్మాధర్మ వివాదము గాదు, లాభనష్టముల బేరము. మధ్యాహ్నము దాటగానే సముద్రపు గాలి లేచు బాపట్ల, చీరాల, ఒంగోలు ప్రాంతముల పిల్లవాడు తనకు దెలియకుండనే బంతిని తక్కువగా వేయుట కలవాటుపడినచో, అతడు తప్పు చేసినట్లా, గాలి నేర్పిన పాఠము నేర్చినట్లా? పడమటి వడగాలి మొగము మాడ్చు పల్నాటి వేసవిలో బంతిని ఎత్తుగా వేయుమని నిర్బంధించువారు ఒక్కసారి తామే వేసి చూతురుగాక.

నేటి సంప్రదాయము నిన్నటి విపరీతమే యను సంగతియు గుర్తుంచుకొనదగినది. తొలినాళ్ళలో లాన్ టెన్నిస్ సర్వీసు నడుము క్రిందనుండియో భుజము ప్రక్కనుండియో సాగెడిది. 1878 వింబుల్డన్‌లో ఏ. టి. మయర్స్ అనునతడు చేతిని తలపైకెత్తి కొట్టినపుడు అది వింత. నేడు సర్వీసు అనగానే అందరికి తోచునది అదియే. 1989 ఫ్రెంచ్ ఓపెన్‌లో కాళ్ళు పట్టివేయగా నిలువలేకపోయిన పదునేడేండ్ల మైఖేల్ చాంగ్ ఆ పాత చేతిక్రింది సర్వీసునే వేసి, నాటి మేటి ఆటగాడు లెండల్ అంతవానిని కలవరపెట్టి, మ్యాచిని గెలిచి, తుదకు ఆ పోటీనే గెలుచుకొనెను. పాతది కొత్తయైనపుడు గూడ జనులు విడ్డూరమే యనిరి.

ఇంతమాత్రమున సంప్రదాయమును త్రోసిపుచ్చుడని నేను చెప్పుట లేదు. చాచిన చేయి అను సూత్రమునకు గట్టి కారణము గలదు. భుజమొక్కటియే కదలినచో కీలు ఒక్కటి; మోచేయి కదలినచో రెండు; మణికట్టు గూడ తోడైనచో మూడు. కీలు పెరిగినకొలది తప్పునకు తావు పెరుగును. ప్రశాంతమైన సాయంకాలమున సవ్యముగా వంగు మోచేయి, మూడవ సెట్టులో స్కోరు చేజారుచున్నవేళ, అరచేయి చెమర్చుచున్నవేళ వణకవచ్చును. అనుభవజ్ఞుడైన గురువు శిష్యుని నేటి సర్వీసునందు రేపటి ఆ వణకును ముందే చూడవచ్చును. అదియునుగాక బంతిని అదేపనిగా తల వెనుకకు వేయు బాలుడు నడుమును మితిమీరి వెనుకకు వంచవలసివచ్చును. ఎదుగుచున్న వెన్నునకు అది క్షేమము గాదు. అట్టి చేతిని దిద్దకుండుట ఉదారత గాదు, ఉపేక్ష.

బెలారుస్ దేశపు అరీనా సబలెంకా కథ ఈ రెండవ పక్షమునకు సాక్ష్యము. 2022 ఆరంభమున అడిలైడ్‌లో ఆమె ఆడిన రెండు మ్యాచులలోనే 39 డబుల్ ఫాల్టులు, అనగా వరుసగా రెండు సర్వీసులును తప్పిన సందర్భములు, నమోదైనవి. కొంతకాలము అది మనోదౌర్బల్యమని అందరు దలంచిరి. తుదకు ఆ ఏటి వేసవిలో బయోమెకానిక్స్ నిపుణుడు గావిన్ మెక్‌మిలన్ ఆమె సర్వీసు కదలికలను పరిశీలించి, లోపము మనస్సులో గాక చేతలో నున్నదని గ్రహించి, దానిని దిద్దెను. 2023 జనవరిలో ఆమె ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచెను. ఇచట గమనింపవలసినది దిద్దుబాటు జరిగినదని మాత్రమే గాదు; ఫలితము చెడినది గనుక కారణమును వెదకి దిద్దిరి. చూచుటకు బాగుండలేదని దిద్దలేదు.

మన మిరపకల్లములలో ఈ వివేకము నిత్యము కనబడుచున్నది. ఎండిన కాయల రాశి ముందు గూర్చుండి స్త్రీలు తాలుకాయలను ఏరుచుందురు. వెలవెలబోయి, రంగు చెడి, ధర పోగొట్టునది తాలు. దానిని వేరు చేయక తప్పదు. కాని ముడుతలుపడిన బ్యాడగి కాయను చూచి ఇది 334 రకపు కాయవలె నునుపుగా లేదు గనుక తాలు అని పారవేయు స్త్రీ ఈ జిల్లాలలో నుండదు. ముడుత దాని రకము. ఆ ముడుతల కాయకే రంగు నిమిత్తము ప్రత్యేకమైన గిరాకి. తేజ రకపు కాయ సన్నము, ఘాటు మెండు. దానిని లావు కమ్మని ఎవరును శాసింపరు. తాలు వేరు, రకము వేరు అను భేదము ఎరుకపడుటయే ఏరుట యను విద్య. బంతి నెగురవేయు చేతులను ఏరు గురువునకు గూడ ఆ విద్యయే కావలెను. చోటు తప్పించు చేయి తాలు, నొప్పి కలిగించు చేయి తాలు; వింతగా నున్నను చోటు తప్పని చేయి ఒక రకము.

ఇంకొక ఉపమానము గూడ ఈ నేలనుండియే దొరకును. యంత్రములు రాకముందు గొర్రుతో ఎదపెట్టు దినములలో జడ్డిగములోనికి విత్తనము వదలు చేయి ఒక్కొక్కరిది ఒక్కొక్క తీరుగా నుండెడిది. ఒకరు పిడికిలి మూసి బొటనవ్రేలి సందున జార్చుదురు. ఒకరు అరచేయి పల్లముగా బట్టి చిటికెనవ్రేలి వైపునుండి రాల్తురు. ఆసామి వారి చేతివంక చూచి తగవులాడలేదు. మొలక వచ్చిననాడు సాలువంక చూచెడివాడు. ఎడములేక, కుప్పబడక మొలక వరుసగా నున్నచో ఆ చేతిని మరుసటి సంవత్సరము గూడ పిలిచెడివాడు.

తెలుగువారి టెన్నిస్ చరిత్ర గూడ దీనికి విరుద్ధము గాదు. హైదరాబాదులో ఆట నేర్చి, 2015లో మహిళల డబుల్స్‌లో ప్రపంచ ప్రథమస్థానమునకు చేరి, డబుల్స్‌లోను మిక్స్‌డ్ డబుల్స్‌లోను కలిపి ఆరు గ్రాండ్‌స్లామ్ బిరుదులు గెలిచిన సానియా మీర్జాకు సర్వీసు ఎన్నడును ప్రధానాయుధము గాదు. విమర్శకులు ఏళ్ళతరబడి దానినే తప్పుపట్టిరి. ఆమెను నిలిపినది మణికట్టు విసురుతో గూడిన ఫోర్‌హ్యాండు. ఆ విసురును బాల్యముననే ఎవరైనను పుస్తకమునకు సరిపోలేదని కత్తిరించియుండినచో ఏమి మిగిలియుండునో ఊహించుకొనవచ్చును. విశాఖకు చెందిన సాకేత్ మైనేని ఆమెకు భిన్నముగా సర్వీసునే బలముగా జేసికొన్నవాడు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడలలో ఆ యిరువురును కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణము తెచ్చిరి. ఒకరి బలహీనతకు ఇంకొకరి బలము తోడైన ఆ జంటయే, అందరిని ఒకే మూసలో పోయనవసరము లేదనుటకు మనకు లభించిన చక్కని నిదర్శనము.

మూసపై మనకింత మక్కువ ఎందులకు గలిగెనని విచారించినచో, కోర్టు గోడకు వెలుపలనే కారణము కనబడును. మార్కులకొరకు ప్రశ్నకు గైడులోని జవాబునే, ఆ వరుసలోనే, ఆ మాటలతోనే వ్రాయించు చదువులకు మన జిల్లాలు పెట్టినది పేరు. లెక్క సరిగా వచ్చినను "స్టెప్పులు వేరు" అని మార్కు కోయు అలవాటు బడినుండి ఆటస్థలమునకు నడచివచ్చినది. సర్వీసు సరిగా పడినను స్టెప్పులు వేరని మనము అచటను మార్కు కోయుచున్నాము. తల్లిదండ్రులు గూడ సెల్‌ఫోనులో ఎవరో విదేశీయుని సర్వీసును మెల్లగా త్రిప్పి చూపి, మా పిల్లవాని చేయి ఇట్లు లేదేమని శిక్షకుని నిలదీయుచుండగా, పాపము, ఆయన మాత్రమేమి చేయును? చిత్రమునకు సరిపోవు పిల్లవానిని తయారుచేయుట ఆయనకు సులభరక్షణ. సరిపోని పిల్లవానిని సమర్థించుట సాహసము.

కావున గురువులకు నా మనవి యొక్కటియే. వింతైన చేయి కంటబడినపుడు దిద్దుటకు ముందు మూడు పరీక్షలు పెట్టుడు. సర్వీసు చేయువాని ముందటి పాదమునకు కొంచె మెదుట నేలపై ఒక రాకెట్టు నుంచి, బంతిని కొట్టక ఊరక ఎగురవేసి నేలకు పడనిమ్మనుడు. పదిమారులు వేసినచో ఎన్నిమారులు ఆ తీగలమీదనో వాని చెంతనో పడినవో లెక్కించుడు. ఆట ఆరంభమున ఒకసారియు, అలసి చెమటలు కారుచున్నపుడు మరియొకసారియు లెక్కించుడు. అలసటలో గూడ లెక్క తరుగనిచో ఆ చేయి నమ్మదగినదే. రెండవది, బంతిని విడిచిన పిమ్మట భుజము లేచుచున్నదా, దేహము తూలక నిలుచుచున్నదా చూడుడు. మూడవది, భుజమున గాని నడుమున గాని నొప్పి గలదా యని అడుగుడు. అడిగి, ఆ పిల్లలు చెప్పు జవాబును వినుడు. మూడింటను నెగ్గిన చేతిని దాని దారిన దానిని వదలుడు. ఏ యొక్కదానిలో ఓడినను నిస్సంకోచముగా దిద్దుడు. ఐతే ఒకసారికి ఒకే కీలు దిద్దుడు, పోటీకి ముందటి వారములో మాత్రము ఏదియు దిద్దకుడు.

తల్లిదండ్రులకును ఒక మాట. మీ యమ్మాయి చేయి టెలివిజనులో కనబడు చేయివలె లేదని చింతింపవలదు. ఆ టెలివిజనులోని చేతులు గూడ ఒకదానివలె నొకటి లేవు. క్రీడాసంఘముల పెద్దలు శిక్షకులకు శిబిరములు నడుపునపుడు చేతి భంగిమలతోపాటు బంతి పడు చోటును లెక్కించు పద్ధతి గూడ నేర్పినచో, ఖర్చు లేని సంస్కరణ యొకటి జరిగినట్లగును. అందులకు కావలసిన పరికరము నేలమీద నుంచిన ఒక పాత రాకెట్టు మాత్రమే.

ఆ సాయంకాలము నేను చూచిన శిక్షకుడు ఈ పత్రిక చదువువాడైనచో, ఆయనను తప్పుపట్టుట నా తలంపు గాదని గ్రహింపగోరెదను. రేపు ఆ బాలిక కోర్టునకు వచ్చినపుడు, "అమ్మా, నీ పద్ధతిలోనే పది బంతులు వేయి" అని యనుడు. ఆ పదింటిని లెక్కించిన పిమ్మటనే మోచేతిని గూర్చి మాటలాడుడు.